కత్తెర పట్టిన కథకుడు

ఈ సావనీరుకు ఎవరైనా ఒక శాస్త్రజ్ఞుని జీవితం వ్రాసి ఇమ్మని మన యూనియన్ మిత్రులు అడిగారు. సైన్సు విద్యార్థిని గనుక నన్ను అడిగి ఉంటారు. సరేనని ఒప్పుకున్నాను. కరెంటు ప్రవహిస్తున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుందని 1820లో లోకానికి చాటిన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ గురించి వ్రాద్దామనుకున్నాను. ఆ ప్రయోగం మన ల్యాబులో అందరమూ చేసిందే. లైబ్రరీలో ఆయన గురించిన పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

అక్కడే నా వ్యాసం దారి తప్పింది. ఆయిర్‌స్టెడ్ ఇంటికి తరచుగా భోజనానికి వచ్చే ఒక కుర్రవాడి ప్రస్తావన కనబడింది. బాగా పొడగరి, సన్నటివాడు, పెద్ద ముక్కు, పొడుగాటి చేతులు. అతని పేరు కూడా హాన్స్ క్రిస్టియనే. అందుకని ఆయిర్‌స్టెడ్ పెద్ద హాన్స్ క్రిస్టియన్, తాను చిన్న హాన్స్ క్రిస్టియన్ అని చెప్పుకునేవాడట. క్రిస్మస్ పండుగ వచ్చిందంటే ఆ యింట్లో చెట్టును అలంకరించడంలో చిన్న హాన్స్ క్రిస్టియన్ చెయ్యి ఉండాల్సిందే. ఆ కుర్రవాడే తర్వాత ప్రపంచంలోని పిల్లలందరికీ అంద వికారమైన బాతుపిల్ల కథనూ, చక్రవర్తి కొత్త బట్టల కథనూ ఇచ్చిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్.

ఆండర్సన్ కథలు చిన్నప్పుడు మనం చదువుకున్నవే. కాని ఆయన జీవితమంతా జేబులో కత్తెర పెట్టుకుని తిరిగాడనీ, వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ కాగితాలు కత్తిరించి బొమ్మలు చేసి పంచాడనీ నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసిన తర్వాత ఇంకొకరి గురించి వ్రాయబుద్ధి కాలేదు. దానికి కారణం మా తాత. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఆండర్సన్ 1805 ఏప్రిల్ 2న ఓడెన్స్ అనే పట్నంలో పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. తల్లి ఊరివాళ్ళ బట్టలు ఏట్లో ఉతికి నాలుగు డబ్బులు తెచ్చేది. ఇల్లంతా కలిపి ఒకటే గది. అందులోనే తండ్రి పనిముట్లూ, మంచమూ, పొయ్యీ. ఆ మంచానికి కూడా ఒక కథ ఉంది. ఎవరో జమీందారు చనిపోతే ఆయన శవపేటికను నిలిపిన కొయ్య చట్రాన్ని తర్వాత తండ్రి కొని తెచ్చుకుని, తన చేత్తోనే పెళ్ళి మంచంగా మలుచుకున్నాడు. చావుకు కట్టిన నల్లగుడ్డ పేలికలు ఆ కొయ్యకు ఇంకా అంటుకునే ఉండేవని కొడుకు పెద్దయ్యాక వ్రాసుకున్నాడు. ఉన్న వస్తువును లేని వస్తువుగా మార్చుకోవడం ఆ ఇంటి ఆచారమని దీన్ని బట్టి తెలుస్తుంది.

తండ్రికి చదువుకోవాలని కోరిక ఉండేది, తీరలేదు. తీరని ఆ కోరికనంతా కొడుకు మీద ధారపోశాడు. రాత్రిపూట అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేవాడు. ఆదివారాలు అడవికి తీసుకుపోయేవాడు. ముఖ్యంగా, బొమ్మలు చేసి ఇచ్చేవాడు. తోలు కోసే చేతులతోనే కొయ్యబొమ్మలు చెక్కి, తాడు లాగితే మారిపోయే చిత్రాలు అమర్చి, చిన్న బొమ్మల నాటకశాల ఒకటి తయారు చేసి పెట్టాడు. పిల్లవాడు ఆ బొమ్మలకు గుడ్డపేలికలతో అంగీలు కుట్టేవాడు. పెరట్లో ఉన్న ఒకే ఒక్క పొద పక్కన చీపురుకర్ర పాతి, దాని మీద తల్లి ముందుగుడ్డ కప్పి, ఆ నీడలో కూర్చుని కుట్టుకుంటూ ఉండేవాడు. ఈడు పిల్లలతో ఆటలకు పోయేవాడు కాదు. వీడు దర్జీ పనికి తప్ప ఇంకెందుకూ పనికిరాడని తల్లి అనుకునేది.

ఇక ఆ ఇంటి తాతగారి మాట. ఆండర్సన్ తండ్రికి తండ్రి. ఆయనకు మతి చలించింది. ఇంట్లో కూర్చుని కొయ్యతో వింత వింత బొమ్మలు చెక్కేవాడు. మనిషి శరీరానికి జంతువు తల, జంతువు శరీరానికి రెక్కలు. ఇలాంటివన్నీ చెక్కి, బుట్టలో సర్దుకుని, చుట్టుపక్కల పల్లెలకు నడిచి వెళ్ళి రైతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళకూ పిల్లలకూ పంచిపెట్టేవాడు. వాళ్ళు సంతోషించి తిండిగింజలో, ఉప్పుమాంసమో ఇచ్చేవాళ్ళు. పల్లెల్లో ఆయనకు ఆదరణ ఉండేది. పట్నంలో మాత్రం ఆయన పిచ్చివాడు. ఒకనాడు ఆయన పల్లెల నుండి తిరిగి వస్తుంటే వీధి పిల్లలు వెంటపడి కేకలు వేశారు. మనవడు అది విన్నాడు. విని తాత దగ్గరకు పరుగెత్తలేదు. మెట్ల వెనక నక్కి కూర్చున్నాడు. తాను కూడా ఆయన రక్తమేనని వాడికి తెలుసు. అదే వాడి భయం.

ఆ తాత మనవడితో ఒకే ఒక్కసారి మాట్లాడాడట. అప్పుడు కూడా పరాయివాళ్ళను అన్నట్టు మీరు అని పిలిచాడట. ఇంత కొంచెం విషయాన్ని ఆండర్సన్ యాభై ఏళ్ళు వచ్చినా మరచిపోకుండా తన జీవితకథలో వ్రాసుకున్నాడు. తనకూ ఎప్పుడో మతి పోతుందన్న భయం ఆయనను బ్రతికినంత కాలమూ వదలలేదు.

నాయనమ్మ పిచ్చాసుపత్రి తోటలో పనిచేసేది. శనివారం సాయంత్రం పూలు తెచ్చేది. ఆమె వెంట ఆ తోటకు వెళ్ళిన పిల్లవాడు, అక్కడ నూలు వడుకుతూ కూర్చున్న ముసలమ్మల దగ్గర పాతకాలపు కథలు విన్నాడు. పూలు, కథలు, బొమ్మలు, పిచ్చి, పేదరికం. ఆయన బాల్యమంతా ఇవే. ఆ తర్వాత చేసిన ప్రతి పనిలోనూ ఇవే తిరిగి తిరిగి కనబడతాయి.

1816లో తండ్రి పోయాడు. యుద్ధంలో సిపాయిగా చేరి, ఆరోగ్యం చెడిపోయి తిరిగి వచ్చిన రెండేళ్ళకే ఆ మరణం. పిల్లవాడిని కొన్నాళ్ళు బట్టల మిల్లుకూ, పొగాకు ఫ్యాక్టరీకీ పంపారు. నిలవలేదు. 1819 సెప్టెంబరులో, పదునాలుగేళ్ళ వయస్సులో, మట్టిముంతలో దాచుకున్న పదమూడు రిగ్స్‌డాలర్లు తీసుకుని రాజధాని కోపెన్‌హేగన్‌కు బయలుదేరాడు. తల్లి మొదట ఒప్పుకోలేదు. సోదె చెప్పే ముసలమ్మ ఒకామె, ఏనాటికైనా ఓడెన్స్ పట్నమంతా వీడి గౌరవార్థం దీపాలు పెడుతుందని చెప్పేసరికి ఒప్పుకుంది.

కోపెన్‌హేగన్‌లో పడిన పాట్లు వ్రాయాలంటే ఈ సంచిక చాలదు. రాయల్ థియేటర్ చుట్టూ తిరిగాడు. పాడతానన్నాడు, గొంతు మారిపోయింది. నాట్యం చేస్తానన్నాడు, ఆ పొడుగాటి కాళ్ళను చూసి నవ్వారు. నాటకాలు వ్రాశాడు, అక్షరదోషాలతో సహా తిరిగి వచ్చాయి. అన్ని అగచాట్లలోనూ ఒక అలవాటు మానలేదు. అద్దెగదిలో బొమ్మల నాటకశాల పెట్టుకుని, బట్టల దుకాణాలకు వెళ్ళి పట్టు ముక్కలూ, మఖమల్ ముక్కలూ అడిగి తెచ్చి బొమ్మలకు బట్టలు కుడుతూ ఉండేవాడు. అప్పటికి పదహారేళ్ళవాడు! ఆ వయస్సులో మనలో ఎవరైనా ఇలాంటి పని చేస్తూ పట్టుబడితే హాస్టల్లో ఏ పేరు పెడతారో నేను చెప్పనక్కరలేదు.

థియేటర్ డైరెక్టర్లలో జోనాస్ కొలిన్ అనే పెద్దమనిషి ఇతనిలో ఏదో ఉందని గ్రహించి, రాజుగారి నిధుల నుండి సహాయం ఇప్పించి 1822లో స్లాగెల్సె పట్నంలో బడిలో వేయించాడు. పదిహేడేళ్ళవాడు పన్నెండేళ్ళ పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. ఆ హెడ్మాస్టరు నలుగురిలో అవమానించేవాడు, కవిత్వం వ్రాయరాదని కట్టడి చేశాడు. ఆ రోజులు ముసలితనంలో కూడా ఆయనకు పీడకలలుగా వచ్చేవి. చివరకు 1828లో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష గట్టెక్కాడు. 1833లో ఆయన ఇటలీలో ఉండగా తల్లి ఓడెన్స్‌లో కన్నుమూసింది. ఇక సొంతమని చెప్పుకోదగ్గ ఇల్లు ఆయనకు లేదు. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. కొలిన్ గారి ఇల్లు, ఆయిర్‌స్టెడ్ గారి ఇల్లు, ఇంకా పదిమంది స్నేహితుల ఇళ్ళు. అవే ఆయన కుటుంబం. ఏ రోజు ఎవరింట్లో భోజనమో వంతులుండేవి.

భోజనానికి పిలిచినవాళ్ళకు పేదవాడు ఏమివ్వగలడు? ఇక్కడే కత్తెర వస్తుంది.

ఆయన పద్ధతి ఇది. భోజనాలయ్యాక పిల్లలు చుట్టూ చేరతారు. జేబులోంచి పెద్ద కత్తెర తీస్తాడు. అంత పెద్ద చేతుల్లో, అంత పెద్ద కత్తెరతో, అంత సున్నితమైన పని ఎలా చేసేవాడా అని చూసినవాళ్ళు ఆశ్చర్యపడేవారు. తెల్లకాగితమో, రంగు కాగితమో ఏది దొరికితే అది మధ్యకు మడుస్తాడు. కథ మొదలుపెడతాడు. కథ చెబుతూ కత్తిరిస్తూ ఉంటాడు. పెన్సిలుతో గీత గీయడం లేదు, కొలత లేదు. ముక్కలు ఒళ్ళో రాలుతుంటాయి. ఏ బొమ్మ వస్తుందో ఎవరికీ తెలియదు. కథ ముగిసే వేళకు కత్తిరింపు ముగుస్తుంది. అప్పుడు మెల్లగా మడత విప్పుతాడు. ఒకటి అనుకున్నది రెండవుతుంది, రెండోసారి మడిస్తే నాలుగవుతుంది. కాలెత్తి నిలబడ్డ నాట్యకత్తెలు, హంసలు, కొంగలు, కోటలు, తాటిచెట్లు, దేవదూతలు, నాటకశాల తెరలు బయటపడతాయి.

లెక్కల వాళ్ళు దీనిని అక్షానికి ఇరువైపులా సౌష్ఠవం అంటారు. మడత గీతే అద్దం. ఒక పక్క చేసిన కోత రెండో పక్క దానంతట అదే పడుతుంది. కాని కత్తెరతో ఒక చిక్కుంది. పలక మీద తప్పు వ్రాస్తే చెరిపివేయవచ్చు. కాగితం తెగితే అతకదు. పైగా మడతలో తప్పు కోత పడితే ఒకచోట పడినది రెండుచోట్ల కనబడుతుంది. నేను మొన్న ప్రయత్నించి చూశాను. హంస అనుకున్నది విప్పితే రెండు గిన్నెకోళ్ళుగా తేలింది. అప్పుడు తెలిసింది ఆయన పనితనం.

ఆయన బొమ్మలు వట్టి అందమైనవే కావు. వింతవి. ఒక బొమ్మలో మనిషే గాలిమర, పొట్టలో తలుపు, దానికి మెట్లు, తల చోట కప్పు. ఇంకొకదానిలో ఉరికంబం, దానికి వేళ్ళాడుతున్న మనిషి చేతిలో హృదయం. అతడు హృదయాల దొంగ. నాట్యకత్తె పక్కనే పుర్రె ఉంటుంది. మనిషికి జంతువు తల పెట్టి బుట్టలో వేసుకుని తిరిగిన ఆ తాత ఈ బొమ్మల్లో నాకు కనబడ్డాడు. ఏ చేతులను చూసి ఆ పిల్లవాడు మెట్ల వెనక దాక్కున్నాడో, ఆ చేతులే తన చేతులుగా వచ్చాయి. తాత కొయ్యతో చేసినది మనవడు కాగితంతో చేశాడు. తాత పల్లెటూరి ఇళ్ళ ముందు పంచాడు, మనవడు జమీందారుల మేడల్లో పంచాడు. అంతే తేడా.

1835లో ఆయన పిల్లల కథలు మొదటిసారి చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. అందులో చిట్టి ఇడా పువ్వుల కథ ఒకటి. థీలె అనే పండితుని కూతురు ఇడాకు చెప్పిన కథ అది. అందులో కాగితాలు కత్తిరించి, లోపల నాట్యమాడే అమ్మాయిలున్న హృదయాలూ, తెరుచుకునే తలుపులున్న కోటలూ చేసే విద్యార్థి ఒకడు ఉంటాడు. పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాడని చిరచిరలాడే ఒక ఉద్యోగి కూడా ఉంటాడు. ఆ విద్యార్థి ఆండర్సనే అని వేరే చెప్పనక్కరలేదు. 1838లో వచ్చిన తగరపు సిపాయి కథలో కోట కాగితంది, దాని గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడ్డ నాట్యకత్తె కూడా కాగితందే. అద్దం ముక్క చెరువు, మైనపు బొమ్మలు హంసలు. ఎవరింటి బల్ల మీదో తాను చేసి నిలబెట్టిన అలంకారాలే ఆ కథకు రంగస్థలం అయ్యాయి. కాగితం కత్తిరించడం కవిత్వానికి మొదటి మెట్టు అన్న భావం ఆయనే ఒకచోట వెలిబుచ్చాడు. ఆయన కథ కూడా మడత కాగితం వంటిదే. విప్పేదాకా లోపల ఏముందో తెలియదు.

ఆ కథల విలువను మొదట గుర్తించినవారిలో మన ఆయిర్‌స్టెడ్ ఒకడు. అదే ఏడాది వచ్చిన ఆండర్సన్ నవల ఆయనకు పేరు తెస్తుందనీ, ఈ పిల్లల కథలు మాత్రం ఆయనను చిరంజీవిని చేస్తాయనీ ఆ శాస్త్రజ్ఞుడు చెప్పాడు. ఆండర్సన్‌కే ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. ల్యాబులో ముల్లు కదలికను కనిపెట్టిన కన్ను ఇక్కడా పొరబడలేదు.

ఈ బొమ్మల పని ఆయన ఒక్కడే మూల కూర్చుని చేసుకున్నది కాదు. కొలిన్ గారి అల్లుడు అడాల్ఫ్ డ్రూసెన్‌తో కలిసి ఆ ఇంటి పిల్లలకు బొమ్మల పుస్తకాలు తయారు చేసేవాడు. డ్రూసెన్‌కు మనవరాలు క్రిస్టీన్. మూడేళ్ళ పిల్ల. ఆ పిల్ల కోసం 1859లో ఇద్దరు పెద్దమనుషులూ పాత పత్రికల్లోంచి, అచ్చుబొమ్మల్లోంచి నచ్చినవి కత్తిరించి, రంగులు వేసి, మధ్య మధ్య ఆండర్సన్ కాగితపు బొమ్మలు అతికి, కింద చిన్న చిన్న పద్యాలు వ్రాసి పెద్ద పుస్తకం చేశారు. అంతకు ముందు ఆమె అక్క ఆస్ట్రిడ్‌కు కూడా ఇలాంటిదే చేశారు. అప్పటికి ఆండర్సన్ రాజులు విందుకు పిలిచే రచయిత. యాభై దాటిన ఆ మనిషి, మనవరాలి కోసం జిగురు పూసుకుంటున్న తాత పక్కన కూర్చుని ఒక పసిపిల్ల కోసం రాత్రులు కత్తిరిస్తూ కూర్చున్నాడు.

డెన్మార్క్‌లో క్రిస్మస్ చెట్టుకు కాగితపు హృదయాలు వ్రేలాడదీస్తారు. రెండు రంగుల కాగితాలను పట్టీలుగా కోసి, ఒకదానిలోంచి ఒకటి దూర్చి, మనం తాటాకు చాప అల్లినట్టే అల్లుతారు. మధ్యలో విప్పితే చిన్న బుట్ట అవుతుంది, అందులో మిఠాయిలు పోస్తారు. అలాంటి అల్లిక హృదయాలలో ఇప్పటికి దొరికినవాటిలోకెల్లా పాతది 1860లో ఆండర్సన్ చేసినదే. అది నేటికీ భద్రంగా ఉంది.

అందరూ ఆయనను నెత్తిన పెట్టుకున్నారనుకుంటే పొరపాటు. 1857లో ఇంగ్లండు వెళ్ళి చార్లెస్ డికెన్స్ ఇంట దిగాడు. రెండు వారాలని వెళ్ళి ఐదు వారాలు ఉన్నాడు. భాష సరిగా రాదు, ప్రతి చిన్నదానికీ మనసు కష్టపెట్టుకుంటాడు. పత్రికలో తన పుస్తకాన్ని తిట్టారని గడ్డి మీద బోర్లా పడుకుని ఏడ్చాడు. ఆ ఇంటివాళ్ళు విసిగిపోయారు. ఆయన వెళ్ళాక, ఆ ఐదు వారాలూ యుగాల్లా గడిచాయన్న అర్థం వచ్చేటట్టు డికెన్స్ ఒక చీటీ వ్రాసి ఆ గదిలో అద్దానికి పెట్టాడు. తర్వాత స్నేహం నిలవలేదు. అయితే ఆ ఇంటి పిల్లవాడు హెన్రీ పెద్దవాడై తన జ్ఞాపకాలు వ్రాసుకున్నప్పుడు, ఆండర్సన్ కత్తిరించి ఇచ్చిన కాగితపు బొమ్మలను ముచ్చటగా తలుచుకున్నాడు. గడ్డిపూల దండ గుచ్చి విల్కీ కాలిన్స్ అనే రచయిత టోపీకి చుడితే, ఆయన అది తెలియకుండానే ఊళ్ళోకి వెళ్ళి అందరినీ నవ్వించాడన్న సంగతి కూడా వ్రాశాడు. పెద్దలకు భారమైన అతిథి పిల్లలకు పండుగ అయ్యాడన్నమాట.

1867 డిసెంబరులో ఓడెన్స్ నగరం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. వీధి వీధినా దీపాలు పెట్టారు. సోదె నిజమైంది. కిటికీలోంచి ఆ వెలుగు చూస్తూ నిలబడ్డ ఆయనకు ఆ సమయంలో పంటినొప్పి! మహాసంతోషాన్ని కూడా ఆయన జీవితం అలా మడతపెట్టే ఇచ్చింది.

ముసలితనంలో జబ్బుపడ్డాడు. 1873-74 చలికాలంలో బయటకు కదలలేక ఇంట్లో ఉండి మరొక పని పెట్టుకున్నాడు. మనిషి ఎత్తు మడత తెర ఒకటి తీసుకుని, దాని ఎనిమిది ముఖాల మీదా అచ్చుబొమ్మలు కత్తిరించి అతికించాడు. ఒక ముఖం బాల్యానికి, ఒకటి నాటకశాలకు, ఒకటి సొంత దేశానికి, మిగతావి తాను తిరిగిన, తలచిన దేశాలకు. తాను బ్రతికిన బ్రతుకంతా ఒక గదిలో చుట్టూ నిలబెట్టుకున్నట్టయింది.

చివరి రోజుల్లో మెల్కియర్ అనే వర్తకుని కుటుంబం ఆయనను తమ తోట ఇంట్లో పెట్టుకుని సొంత మనిషిలా చూసుకుంది. ఆ ఇంటి ఇల్లాలు డొరోతియాకు 1874లో ఒక పెద్ద కాగితపు బొమ్మ కత్తిరించి ఇచ్చాడు. జీవితమంతా కత్తిరించిన రకాలన్నీ ఆ ఒక్క కాగితంలో చేర్చాడు. నడవగలిగినన్నాళ్ళు గడ్డిపూలు ఏరి తెచ్చి వాళ్ళ భోజనాల బల్ల మీద గుత్తులు కట్టి పెట్టేవాడు. పిచ్చాసుపత్రి తోటలోంచి నాయనమ్మ తెచ్చిన శనివారపు పూలు ఇవి. 1875 ఆగస్టు 4న ఆ ఇంట్లోనే ప్రశాంతంగా కన్నుమూశాడు.

నూట యాభైకి పైగా కథలు మిగిలాయి. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 2ను 1967 నుండి అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుతున్నారు. చీపురుతో ఊడ్చి పారవేయవలసిన కాగితపు బొమ్మలు కూడా వందలకొద్దీ మిగిలాయి. ఎందుకు మిగిలాయంటే, అందుకున్న పిల్లలు వాటిని పారవేయలేదు. పుస్తకాల మధ్య దాచుకున్నారు, తమ పిల్లలకు ఇచ్చారు.

ఇక మా తాత సంగతి.

మాది వ్యవసాయ కుటుంబం. మా తాత చొప్పవామిలోంచి జొన్నదంటు లాగి, పై పేళ్ళు తీసి, లోపలి బెండు ముక్కలకు ఆ పేళ్ళే గుచ్చి ఎద్దులబండి చేస్తాడు. చక్రాలు తిరుగుతాయి, కాడి లేస్తుంది. వేసవిలో తాటాకు బొమ్మలు చేసి పసుపుగుడ్డ చుట్టి ఇస్తే, మా అక్కలూ వాళ్ళ స్నేహితురాళ్ళూ బొమ్మల పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు. చేలో ఆయన పెట్టిన బెదురుబొమ్మకు తలపాగా, మీసాలు, చంకన గొడుగు. దారినపోయేవాళ్ళు ఆగి చూసి నవ్వేవాళ్ళు. పని లేక చేస్తున్నాడని మా నాన్న విసుక్కునేవాడు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

డిగ్రీలో చేరడానికి బయలుదేరిన రోజు ఆయన బస్సు దాకా వచ్చి, ఒక జొన్నబెండు బండి నా చేతిలో పెట్టాడు. హాస్టల్ గదిలో బల్ల మీద పెట్టుకోరా అన్నట్టు చూశాడు, ఏమీ అనలేదు. బస్సు దిగేటప్పుడు దాన్ని సీటు కిందకు తోసి దిగాను. మరచిపోయి కాదు. కొత్త గదిలో కొత్త మిత్రులు చూస్తే నవ్వుతారని. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆండర్సన్ మెట్ల వెనక దాక్కున్న సంగతి చదివిన రోజున పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ సంగతి తాతకు చెప్పాను. ఆయన నవ్వి, బస్సులో ఏ పిల్లవాడికో దొరికే ఉంటుందిలే అన్నట్టు చెయ్యి ఊపాడు. అంతే. ఇప్పుడు ఆయనకు చూపు ఆనడం లేదు. నేను పేళ్ళు తీసి ఇస్తుంటే వేళ్ళతో తడిమి ఎక్కడ గుచ్చాలో చూపించాడు. నేను చేసిన బండి ఒక పక్కకు ఒరిగింది. మా అక్క కొడుకు దానికి తాడు కట్టి వాకిలంతా లాగాడు. మా నాన్న కూడా వచ్చి కూర్చుని, చక్రం అలా కాదురా అంటూ సరిచేశాడు. ఆయనకూ ఆ విద్య వచ్చునని ఆ రోజే తెలిసింది.

వార్షికోత్సవానికి మన హాలులో కట్టబోయే రంగు కాగితాల తోరణాలు కత్తిరించే పని నేను అడిగి తీసుకున్నాను. మిత్రులెవరైనా వచ్చి కలిస్తే సంతోషం. కత్తెరలు రెండున్నాయి. నా గదిలో బల్ల మీద ఒక జొన్నబెండు బండి కూడా ఉంది. నవ్వదలచినవారు వచ్చి నవ్వవచ్చు. చక్రాలు మాత్రం తిరుగుతాయి.